రొయ్యలకు తియ్యటి నీళ్ళు

మే నెలలో నెల్లూరు సముద్రతీరానికి సరదాగా వెళ్ళే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నేనూ సరదాకు వెళ్ళలేదు. మా చెల్లెలు సువార్తమ్మ ఫోన్ చేసింది. ఆమెది తోటపల్లి గూడూరుకు అవతల, సముద్రం హోరు వినపడేంత దగ్గరలో ఉన్న చిన్న ఊరు. "అన్నా, మావాడు దొరువు లోతు చేయిస్తాడంట. మిషను మాట్లాడొచ్చినాడు. నా మాట లెక్కజెయ్యడంలా. నువ్వు మేనమామవి గదా, వచ్చి నాలుగు మాటలు చెప్పు," అన్నది.

మేనమామ అంటే మన ఇళ్ళలో ఎంత గౌరవమో చెప్పనక్కర్లేదు. పిల్లవాడికి ఉంగరం పెట్టాలంటే మేనమామ, పెళ్ళికి సూటు కుట్టించాలంటే మేనమామ, ఇంట్లో తగాదా వస్తే తిట్లు తినడానికీ మేనమామే. అతని మాట వినాలని మాత్రం ఏ ఆచారంలోనూ లేదు. అయినా బయలుదేరాను. ఆ దొరువు పాడైతే మా చెల్లెలి వీధికంతటికీ తాగడానికి గుక్కెడు నీళ్ళు వేరే లేవు.

దొరువు అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సముద్రం పక్క ఇసుకలో తవ్వుకునే లోతు తక్కువ గుంట అది. అక్కడ కింద ఉన్నదంతా ఉప్పునీళ్ళే. వానాకాలంలో ఇసుకలోకి దిగిన నీళ్ళు ఆ ఉప్పునీళ్ళ మీద, పాలమీద మీగడలాగా తేలుతూ ఉంటాయి. దొరువు తవ్వేవాడు ఆ మీగడ వరకే తవ్వాలి. నీళ్ళకు వచ్చినవాళ్ళు బిందెతో మెల్లగా పైపైన ముంచుకోవాలి. తగ్గితే మళ్ళీ ఊరేదాకా గట్టున కూర్చోవాలి. లోతుకు పోయినా, ఆత్రంగా తోడినా కింది ఉప్పు పైకి వస్తుంది. ఇది ఏ శాస్త్రవేత్తో కనిపెట్టిన రహస్యం కాదు. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలియక చేసిన తప్పయితే క్షమించవచ్చు. తెలిసి చేసే తప్పుకే మిషన్లు మాట్లాడుకుంటారు.

నేనుండేది రైలు స్టేషనున్న గూడూరులో, చెల్లెలిది వేరే గూడూరు. తెల్లవారకముందే బయటికి వచ్చాను. వీధి కుళాయి దగ్గర బిందెలు బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక మనుషులు లేరు. బిందెకు గుర్తుగా ఒకరు రాయి, ఒకరు పాత చెప్పు, ఒకరు ఇటుకముక్క పెట్టి వెళ్ళి పడుకున్నారు. కుళాయి వచ్చే రోజు ఎప్పుడో మునిసిపాలిటీకి తెలియదు, బిందెలకు తెలుసేమో. ఇంత క్రమశిక్షణ ఎన్నికల వరసల్లో కూడా నేను చూడలేదు.

స్టేషన్లో నెల్లూరుకు ప్యాసింజరు టికెట్టు తీసుకున్నాను. బయట అంగట్లో లీటరు నీళ్ళ సీసా కొన్నాను. సీసా ధర టికెట్టు ధరకు రెట్టింపు. అంటే మనిషిని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోయడం కన్నా వాడి గొంతు తడపడం ఖరీదైన పని. చదివేవాళ్ళలో ఎవరైనా ఈ దారిన వెళ్ళదలిస్తే నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఇంట్లో ఉంటే.

బండి ఆరున్నరకు రావాలి, ఏడు దాటాక వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా రాపూరు వైపు నిమ్మతోట రైతు ఒకాయన కూర్చున్నాడు. నన్ను చూసి, "నువ్వు నిమ్మకాయల మార్కెట్లో కాటా కాడ ఉండేవాడివి గదా పెద్దాయనా?" అన్నాడు. అవునన్నాను. బస్తాలు తూచి బతికినవాణ్ణి. బుట్టల్లో పరచడానికి తెచ్చిన పాత పేపర్లు చదువుతూ యజమాని చేత తిట్లు తినేవాణ్ణి. నా చదువంతా అదే.

"ఈ ఏడు కాయ రేటు బాగుందంట?" అని అడిగాను.

"రేటు బ్రమ్మాండంగా ఉండాది. కాయే లేదు. కాయ కాసిన ఏడు రేటుండదు, రేటున్న ఏడు కాయుండదు. రెండూ మొకాలు చూసుకోవు, మా ఇంట్లో అత్తాకోడళ్ళ మాదిరి."

"మరి చెట్లకు నీళ్ళెట్లా?"

"ట్యాంకరు తోలిస్తా ఉండా. బిడ్డలకు జొరమొస్తే ఆస్పత్రికి ఆటోలో తీసకపోయినా. చెట్లకు మాత్రం ట్యాంకరు." ఆయన నవ్వాడు. "మా తోట పక్కనే పట్నానికి నీళ్ళు పొయ్యే కాలవ ఉండాది. చూడొచ్చు, తాకగూడదు. సాయంత్రం పూట గట్టు మీద కూర్చోని చూసొస్తా. అదొక సినిమా."

పక్కనున్న కుర్రవాడు ఫోన్ మా ముందు పెట్టి, "ఎల్లుండి వానుంది తాతా, చూడు మబ్బు బొమ్మ," అన్నాడు. ఆ బొమ్మ చాలా అందంగా ఉంది. కిటికీలోంచి ఆకాశం చూశాను. అది ఫోన్ చూసినట్టు లేదు.

మా జిల్లాకు వానతో ఉన్న సంబంధమే చిత్రమైనది. లోకమంతా తడిసే నెలల్లో మాకు చినుకుండదు. లోకమంతా ఆరేసుకున్నాక మాకు తుఫాను రావాలి. తుఫాను వస్తే పడవలు పోతాయి, పూరిళ్ళు పోతాయి. రాకపోతే నీళ్ళు పోతాయి. వచ్చిన ఏడాది రక్షించమని ప్రార్థన, రాని ఏడాది పంపించమని ప్రార్థన. దేవుడికి మా ఊళ్ళ మీద విసుగు పుట్టి ఉంటే అది ఆయన తప్పు కాదు. ఆ తుఫాను వరసగా రెండేళ్ళు రాలేదు.

నా చిన్నతనంలో కరువు కంటికి కనిపించేది. ఎండిన ఊళ్ళ జనం నెత్తిన మూటలు పెట్టుకొని, ఎముకలు తేలిన ఎద్దుల్ని తోలుకొని ఈ రైలు కట్ట వెంబడే ఉత్తరానికి నడిచేవాళ్ళు. మా అమ్మ గుడిసె ముందు కుండ పెట్టి, అడిగినవాళ్ళకు అడిగినన్ని నీళ్ళు పోసేది. ఆ కుండ నింపడానికి ఆమె ఎంత దూరం నడిచేదో నాకు తెలుసు. ఇప్పటి కరువు నడవదు. దానికి ట్యాంకరుంది. హారన్ కొట్టుకుంటూ మన పక్కనుంచి పోతుంటే దారి ఇచ్చి నిలబడతాం, అది కరువని మనకు తోచదు.

నెల్లూరులో దిగి బస్టాండు దగ్గర టిఫిన్‌కు కూర్చున్నాను. 'నీటి ఎద్దడి కారణంగా కాగితం ప్లేట్లు' అని గోడ మీద రాసి ఉంది. చేతులు కడుక్కునే కుళాయికి గుడ్డ చుట్టి కట్టేశారు, దెబ్బ తగిలిన వేలికి కట్టినట్టు. ఇడ్లీ బాగుంది. గ్లాసు నీళ్ళు అడిగితే సర్వరు, "బాటిలా, కూల్ బాటిలా?" అన్నాడు. మామూలు నీళ్ళు అన్నాను. ఆ అబ్బాయి నన్ను పురావస్తువును చూసినట్టు చూశాడు.

తొమ్మిదిన్నరకు తోటపల్లి గూడూరు వైపు బస్సు. నెల్లూరు దాటిన కాసేపటికి నాకు ఒక అనుమానం వచ్చింది. కరువని చెప్పినవాళ్ళంతా అబద్ధమాడారా? రోడ్డుకు ఇటూ అటూ నీళ్ళే. చదరాలు చదరాలుగా, గట్లు కట్టుకొని, ఎండకు తళతళ మెరుస్తూ. అన్నీ రొయ్యల గుంటలే. వాటి మధ్య చక్రాలు తిరుగుతూ నీళ్ళను పైకి చిమ్ముతున్నాయి. పట్నాల్లో పార్కులో డబ్బిచ్చి చూసే ఫౌంటెన్లు ఇక్కడ రొయ్యలు ఉచితంగా అనుభవిస్తున్నాయి. గుంటకూ గుంటకూ మధ్య మిగిలిన వరి మళ్ళు తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి. అది పంట తెలుపు కాదు, ఉప్పు.

నా పక్కన ఒకామె ఒళ్ళో ఖాళీ క్యాన్ పెట్టుకొని కూర్చుంది. రొయ్యల తలలు తీసే షెడ్డులో పనట. క్యాన్ ఎందుకమ్మా అన్నాను.

"అక్కడ రొయ్యలు కడిగేదానికి మంచి నీళ్ళు తెప్పిస్తారు తాతా. సాయంత్రం ఒక క్యాన్ పట్టకపోనిస్తారు."

"కూలి?"

"కూలి తక్కువే. పనిలో చేరేటప్పుడు మా ఆయన కూలి సంగతి అడగలా, క్యాన్ ఎంత పెద్దదని అడిగినాడు."

ఆ మాటకు వెనక సీట్లో ముసలామె కలుగజేసుకుంది. "మా మనవడికి సంబంధం చూసేదానికి వచ్చినోళ్ళు ఇల్లు చూళ్ళా, పిల్లోణ్ణి చూళ్ళా. నేరుగా పెరట్లోకి పోయి బోరింగు కొట్టి నీళ్ళు నోట్లో పోసుకోని ఉమ్మేసి పోయినారు. కాఫీ కూడా తాగలేదు నాయనా."

బస్సంతా నవ్వింది. కరువును అర్థం చేసుకోవడానికి పెద్ద పెద్దవాళ్ళు సభలు పెడతారని చదువుతుంటాను. ఈ బస్సులో పెడితే సరిపోతుంది, సమోసాల ఖర్చు మిగులుతుంది.

చివరి స్టాపులో దిగి షేర్ ఆటో ఎక్కాను. ఆటో వెళ్ళిన దారి పొడవునా ట్యాంకరు చక్రాల జాడలు, వాటి పక్కనే కారిన నీళ్ళ చార. ఆ చార మీద కాకులు వాలి ఉన్నాయి. ఈ వ్యాపారంలో నాకు కనిపించిన లబ్ధిదారులు అవే.

పదకొండు దాటాక ఊరు చేరాను. సువార్త గడపలోనే ఎదురైంది. నేరుగా లోపలికి పోయి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి, "ముందు ఇవి తాగు," అన్నది. తాగాను. ఆ నీళ్ళకు రంగు, వాసన, బ్రాండు ఏమీ లేవు. తియ్యగా ఉన్నాయి. ఎండలో పడి వచ్చిన మనిషికి లోపల ఏదో గట్టిపడి ఉంటుందే, అది కరిగింది. ఆమె పెళ్ళికి వచ్చినప్పుడు వాళ్ళ మామగారు నన్ను ఇసుక దిబ్బల మీదికి తీసుకుపోయి దొరువు చూపించాడు. "మాకు పొలం తక్కువ. ఇదే మా ఆస్తి," అన్నాడు. ఊరికే గొప్పలకు పోతున్నాడనుకున్నాను అప్పుడు.

దొరువు దగ్గరికి నడిచాం. సరుగుడు చెట్ల నీడలో ఆడవాళ్ళు బిందెలతో కూర్చొని ఉన్నారు. గుంట అడుగున పళ్ళెమంత వెడల్పున నీళ్ళు. ఒకామె చెంబుతో ముంచి బిందెలో పోసుకుంది, రెండు చెంబులకే ఇసుక కనిపించింది. లేచి పక్కకు జరిగింది. అందరూ మళ్ళీ ఊరేదాకా ఎదురుచూపు. మంచి కాలంలో నలుగురు కూర్చొని కబుర్లు చెప్పుకునే చోటు ఇది. ఇప్పుడు ఎవరూ మాట్లాడుకోవడం లేదు, ఒకరి బిందె ఎంత నిండిందో ఒకరు కొలుచుకుంటున్నారు.

నా మేనల్లుడు సుధాకర్ అక్కడే ఉన్నాడు. పక్కన పసుపు రంగు జేసీబీ ఏనుగులాగా నిలబడి ఉంది. వాడు చెడ్డవాడు కాదు. ఉన్న చేనును రొయ్యల గుంటలు చేశాడు. ఎండకు గుంటలో నీళ్ళు ఇగిరి ఉప్పు ముదురుతుంది. ముదిరితే రొయ్య ఎదగదు, కొన్నాళ్ళకు తెల్లగా తేలుతుంది. తియ్యటి నీళ్ళు కలిపి పలచన చెయ్యాలి. ఆ నీళ్ళు కొని కొని వాడి మొహం కూడా ఇగిరిపోయింది.

"ఏరా, దీంట్లో మిషను దించుతావంట?" అన్నాను.

"ఎండనబడి వచ్చినావు, కూర్చో మామా."

"కూర్చోవడానికి రాలేదు. మీ తాత ఏం చెప్పినాడో తెలుసు గదా నీకు?"

"మా తాత శానా చెప్పినాడు. రొయ్యల గుంటకు నీళ్ళెట్ట తేవాలో మాత్రం చెప్పి చావలా."

"కింద ఉప్పుందిరా."

"ఉంటాది. ఇంగొక నాలుగడుగులు పోతే ఊట పెరగతాది. నా ఒక్కడికే అయితే నువ్వు చెప్పినట్టే ఇంటా. మోటారు పెట్టి వీధికి కుళాయి కూడా ఏస్తా ఉండా. ఆడోళ్ళు ఈ ఇసకలో బిందెలు మొయ్యబల్లా. బావులు లోతు చేసుకోడం లోకంలో లేదా?"

"లోకంలో ఉంది. ఇక్కడ లేదు."

అప్పుడు వరసలో కూర్చున్న రాహేలు అనే ఆమె లేచింది. ఆమె మా చెల్లెలి పక్కింటామె, నోరు గట్టిది. "పెద్దాయనా, నువ్వు మాటలు చెప్పి సాయంత్రం రైలెక్కి పోతావు. నేను రేపు మళ్ళీ ఇదే బిందె పట్టుకోని ఇదే ఎండలో కూర్చోవాల. ఇంటికాడ మంచాన పడిన మడిసి ఉండాడు. గుమ్మంలోకి కుళాయి వస్తానంటే వద్దని నువ్వెట్టా చెప్తావు?"

పాత పేపర్లలో దీనికి జవాబు ఎక్కడా చదవలేదు. గొంతు సవరించుకున్నాను. "అది కాదమ్మా," అన్నాను. 'అది కాదమ్మా' అన్నవాడి దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదని ఆడవాళ్ళందరికీ తెలుసు.

సుధాకరే నన్ను ఆదుకున్నాడు. "సరే మామా, నువ్వు ఇంత దూరం వచ్చి చెప్పినాక ఇంగేముంది. ముందు అన్నం తిను. తిన్నాక అందరం కూర్చోని మాట్లాడుకుందాం," అన్నాడు. వాడి మర్యాదకు నా కడుపు నిండింది. చెల్లెలి వైపు విజయగర్వంతో చూశాను. ఆమె మొహం మాత్రం అట్లాగే ఉంది.

భోజనం ఘనంగా పెట్టాడు. మామిడికాయ వేసిన చేపల పులుసు, వేపుడు, గట్టి పెరుగు. నా పక్కనే కూర్చొని తినిపించినంత పని చేశాడు. "ఇంగొక ముక్క మామా," "పులుసు పోసుకో మామా," అంటూ. పెరుగు కలుపుకుంటుండగా దిబ్బల వైపు నుంచి ఇంజను శబ్దం వచ్చింది. వాడు, "పెరుగు ఇంగొంచెం?" అన్నాడు.

సువార్త గరిటె కింద పెట్టేసి బయటికి పరిగెత్తింది. నేను ఎంగిలి చేత్తో ఆమె వెనక. మేం వెళ్ళేసరికి మిషను తొండం దొరువులో దిగి ఉంది. తడి ఇసుక కుప్పలుగా గట్టు మీద పడుతోంది. ఆడవాళ్ళు బిందెలు చంకనెత్తుకొని దూరంగా నిలబడి చూస్తున్నారు. చూస్తుండగానే గుంట అడుగున నీళ్ళు బుడబుడమంటూ లేచాయి. మోకాళ్ళ లోతు, తర్వాత నడుం లోతు. రాహేలు సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది. మిషను డ్రైవరు నన్ను చూసి, "చూడు పెద్దాయనా, యాడ దాచిపెట్టినారో ఇన్నాళ్ళు!" అన్నాడు.

సుధాకర్ చెంబుతో ముంచి నాకు ఇచ్చాడు. "తాగి చెప్పు మామా, ఉప్పుందా?"

తాగాను. తియ్యగానే ఉన్నాయి. తియ్యగా ఉన్న నీళ్ళను ఉప్పని చెప్పేంత అబద్ధం నాకు చేతకాదు. ఊరంతా నవ్వింది. నాకు నోరు కడుక్కోవడానికి కూడా ఆ నీళ్ళే ఇచ్చారు, ధారాళంగా. మేనమామ గౌరవం ఆ విధంగా పూర్తయింది.

మధ్యాహ్నానికి మోటారు దిగింది. ఒక పైపు వీధిలోకి, ఒక పైపు రొయ్యల గుంటల్లోకి. వీధి పైపు సన్నంగా, గుంటల పైపు లావుగా ఉంది. అది నేను తప్ప ఎవరూ గమనించినట్టు లేదు. ఊళ్ళో పండగ వాతావరణం. చాలామంది దుప్పట్లు ఉతికారు. ఒకాయన మోటారు సైకిలును రెండుసార్లు కడిగాడు. సాయంత్రం ప్రార్థనలో, ఎన్నో వారాలుగా వానకోసం మోకరిల్లుతున్న సంఘం మోటారు కోసం స్తోత్రాలు చెల్లించింది. నేనూ ఆమెన్ అన్నాను. కాదనడానికి నేనెవర్ని?

నన్ను ఆ రోజు పోనివ్వలేదు. రాత్రంతా మోటారు ఆగలేదు.

తెల్లవారాక సువార్త టీ పెట్టింది. కుళాయి నీళ్ళు పోసి, పొడి వేసి, పాలు పోసింది. పాలు విరిగాయి. పాలు నిన్నటివేమోలే అని పారబోసి, కొత్త ప్యాకెట్ కత్తిరించి మళ్ళీ పెట్టింది. మళ్ళీ విరిగాయి. గిన్నెలో తెల్లటి ముక్కలు తేలుతున్నాయి. ఉప్పు నీళ్ళకు పాలు నిలవవు. ఆమె మూలనున్న కడవలోంచి, నిన్న పొద్దున ముంచిన పాత నీళ్ళు ఒక గ్లాసు తీసి మూడోసారి పెట్టింది. టీ చక్కగా వచ్చింది. ఆ గ్లాసును తీసుకుపోయి అరుగు మీద కూర్చున్న కొడుకు ముందు పెట్టింది. పక్కన విరిగిన గిన్నె కూడా పెట్టింది.

వాడు గిన్నెలోకి చూశాడు. లేచి దిబ్బల వైపు పరిగెత్తాడు. కాసేపటికి మోటారు చప్పుడు ఆగిపోయింది.

వీధిలో ఒక్కొక్క గుమ్మం ముందు ఆడవాళ్ళు బిందెలు వంచుతున్నారు.  రాహేలు తన బిందె వంపి, అడుగున మిగిలిన నీళ్ళు అరచేతిలో పోసుకొని నాలికకు తగిలించుకుంది. నా వైపు చూసి, "అను పెద్దాయనా, ఏమనాల్నో అను," అన్నది. ఇంటి దగ్గర నుంచి తయారు చేసుకొచ్చిన వెటకారాలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటీ పైకి రాలేదు. లోపల మంచం మీద నుంచి ఆమె భర్త నీళ్ళు అడుగుతున్న గొంతు వినిపించింది.

సువార్త పార తీసుకొని బయలుదేరింది. పాడైన దొరువుకు చాలా ఎడంగా, ఇంకాస్త మెరక ఇసుకలో ఒక చోట ఆగి తవ్వడం మొదలుపెట్టింది. నేను సాయం పట్టాను, అంటే పక్కన నిలబడి జాగ్రత్త జాగ్రత్త అన్నాను. కాసేపటికి రాహేలు వచ్చి పార అందుకుంది. ఇసుక తడి రంగుకు మారేసరికి అంతా ఆపేశారు. ఎవరూ ఇంకొంచెం అనలేదు. గట్టు మీద కూర్చున్నాం. చాలాసేపటికి అడుగున ఒక మెరుపు కనిపించింది. అద్దం ముక్కంత.

ఇంటికి రెండు చెంబులు అని సువార్త చెప్పింది. మొదటి రెండు చెంబులూ రాహేలుకు పోయించింది, ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నాడని. తర్వాత వచ్చినవాళ్ళు వచ్చిన వరసలో. సుధాకర్ బిందె పట్టుకొని వచ్చాడు. మిషను మాట్లాడినప్పుడున్న గొంతు లేదు. తల్లి పిలిచి ముందు పోస్తుందేమోనని చూశాను. ఆమె వాడి వైపు చూడలేదు. వాడు పోయి వరస చివర నిలబడ్డాడు. వాడిదాకా రాకముందే ఇసుక తేలింది. ఊరేదాకా ఉంటాడా, పోతాడా అని అందరూ ఓరగా చూస్తున్నారు. వాడు బిందె బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం నేను బయలుదేరుతుంటే సువార్త తన వంతు నీళ్ళు వడపోసి నా సీసాలో నింపింది. వద్దన్నాను. "మా ఇంటికొచ్చినోళ్ళు నోరెండి పోకూడదన్నా," అన్నది. సీసా సంచిలో పెట్టుకున్నాను.

బస్సు దాకా సుధాకర్ బండి మీద దించాడు. దారిలో వాడి గుంటలు కనిపించాయి. ఫౌంటెన్లు తిరుగుతూనే ఉన్నాయి. గట్టు వెంబడి ఒకటి రెండు రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. వాడు బండి ఆపలేదు. స్టాపులో నేను దిగాక అడిగాడు: "మామా, ఆ దొరువును ఇసకతో పూడ్చేస్తే మళ్ళీ తీపి వస్తాదా?"

"వానొస్తే వస్తుందేమోరా."

"ఒక వానకా?"

నాకు తెలియదని చెప్పాను. నా జీవితంలో ఈ మాట నేను ఎక్కువసార్లు వాడలేదు. వాడు తల ఊపి, "పూడ్చేదానికి మిషనొద్దులే, నేనే పారతో ఏసుకుంటా," అని బండి తిప్పుకున్నాడు.

సాయంత్రం నెల్లూరులో రైలు ఎక్కాను. పెట్టె నిండా జనం, అందరి నోట్లో ఎండ మాటే. ఒకాయన ఆకాశాన్ని తిట్టాడు. ఇంకొకాయన ప్రభుత్వాన్ని తిట్టాడు. మూడోవాడు రొయ్యల వాళ్ళను తిట్టి, వెంటనే రొయ్యల వేపుడు ఏ హోటల్లో బాగుంటుందో చెప్పాడు. ఈ యాత్రలో నాకు అర్థమైనది ఇంతే. రెండేళ్ళు వాన రాకపోయినా ఆ పళ్ళెమంత నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. ఎండ వాటిని ఏమీ చెయ్యలేకపోయింది. ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి మనం చేశాం. అందులో నేను తిన్న చేపల పులుసు వాటా ఎంతో లెక్క తేలలేదు. ఆ తీరానికి వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. బస్సులు ఉన్నాయి, మనుషులు మంచివాళ్ళు. కాళ్ళు కడుక్కోవడానికి మాత్రం నీళ్ళు అడగకండి.

మనుబోలు దాటాక ఎదుటి సీటులోని ఒక తల్లి తన బిడ్డకు నీళ్ళు అడిగింది. సీసా ఇచ్చాను. బిడ్డ తాగింది. మిగిలినవాటిలో ఆమె ఒక గుక్క తాగి, నాలికతో రుచి చూసుకొని, "యావూరి నీళ్ళు తాతా?" అన్నది. ఊరి పేరు చెప్పాను.

"మా అమ్మ పుట్టిల్లు ఆ పక్కనే. అక్కడి నీళ్ళు శానా తియ్యగా ఉంటాయని చెప్తా ఉండేది," అన్నది.  మూత బిగించి, మిగిలిన సగం సీసా మర్యాదగా నా చేతికి తిరిగి ఇచ్చింది.